మార్కులు లీడర్‌కి, నవ్వులు చీరకి

తెలుగు టీవీలో పన్నెండేళ్లకు పైగా నడుస్తున్న ఒక పోటీలో, వారం వారం చెమటోడుస్తూ కూడా పోటీదారుల లెక్కలోకి రాని కళాకారులున్నారు. 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. మరుసటి ఏడాది ‘ఎక్స్‌ట్రా జబర్దస్త్’ తోడైంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ పిల్లలు అన్నం తింటూ ఫోన్లో చూసే స్కిట్లు, ఎల్బీ నగర్ అపార్ట్‌మెంట్లలో ఇంటిల్లిపాదీ చూస్తూ మధ్యలో ఒక డైలాగు దగ్గర పెద్దవాళ్లు గొంతు సవరించుకునే స్కిట్లు అవే. ఇది నవ్వుల కార్యక్రమమే అయినా, దాని ఎముకల గూడు మాత్రం పోటీదని చాలామంది మరిచిపోతారు. టీములుంటాయి. టీముకో లీడరుంటాడు. స్కిట్ అయ్యాక జడ్జీల సీట్లలోంచి మార్కులు పడతాయి, ఆఖర్న విజేత పేరు చదువుతారు. ఆ టీముల్లో చీర కట్టి, సవరం పెట్టి, గొంతు మార్చి భార్యగా, అత్తగా, పక్కింటావిడగా వచ్చే మగ కళాకారుడు లేకపోతే ఎన్నో స్కిట్లు నిలబడేవే కావు. చమ్మక్ చంద్ర చేసిన మొగుడూపెళ్లాల గొడవలే తీసుకోండి. అందులో సగం బరువు మోసింది పెళ్లాం వేషం కట్టిన వినోద్. జనం అతన్ని వినోదిని అనే పిలుచుకున్నారు. మార్కులు మాత్రం చంద్ర టీముకి పడ్డాయి. పోటీ కార్యక్రమంలో మార్కు ఎవరి పేరు మీద పడుతుందో, ఆ తర్వాతి బతుకుతెరువు కూడా వాళ్లదే అవుతుందన్నది ఈ వ్యాసం వాదన. లేడీ గెటప్ కళాకారులకు తెలుగు టీవీ పని ఇచ్చింది, ముఖపరిచయం ఇచ్చింది. మార్కు ఒక్కటి ఇవ్వలేదు. వాళ్ల ప్రయాణం ఒక గీత దగ్గర ఆగిపోవడానికి ప్రతిభ కొరతకన్నా అదే పెద్ద కారణం.

రుజువు కోసం దూరం వెళ్లక్కర్లేదు. జబర్దస్త్ వేదిక మీదుగా వెళ్లినవాళ్లు ఇవాళ ఎక్కడున్నారో చూస్తే చాలు. టీము నడిపిన వేణు యెల్దండి 2023లో ‘బలగం’ తీసి దర్శకుడిగా నిలబడ్డాడు. సుడిగాలి సుధీర్ ‘సాఫ్ట్‌వేర్ సుధీర్’తో, ‘గాలోడు’తో హీరో అయ్యాడు. షకలక శంకర్ ‘శంభో శంకర’లో, గెటప్ శ్రీను ‘రాజు యాదవ్’లో కథానాయకులయ్యారు. ధన్‌రాజ్ నటించాడు, దర్శకత్వమూ చేశాడు. హీరోగా గెలిచారా ఓడారా అన్నది వేరే లెక్క, ఒక నిర్మాత వాళ్ల పేరు మీద డబ్బు పెట్టాడన్నదే ఇక్కడ పాయింటు. ఈ వరసలో లేడీ గెటప్‌తోనే పేరు తెచ్చుకున్న ఒక్కరిని నిలబెట్టడం కష్టం. ఏళ్ల తరబడి నిలిచిన టీముల్లో వాళ్ల పేరు మీద నడిచింది కూడా కనపడదు. గెటప్ శ్రీను విషయం మరీ ఆలోచింపజేస్తుంది. అతనూ ఆడవేషాలు వేశాడు, బాగా వేశాడు. కాని అతనికి అది వంద వేషాల్లో ఒకటి కాబట్టి ‘బుల్లితెర కమల్ హాసన్’ అన్న బిరుదు వచ్చింది. అదే పని ప్రతి వారం, అదొక్కటే పట్టుదలగా చేసినవాడికి బిరుదు సంగతి దేవుడెరుగు, స్కిట్‌లో తన ముఖం మీదే జోకులు పడ్డాయి.

ఆడవేషం అప్పుడప్పుడు వేస్తే నైపుణ్యం, ఎప్పుడూ వేస్తే లోపం. ఈ లెక్క సినిమా నుంచి టీవీకి వచ్చింది. ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు బృహన్నల అయ్యారు. ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్, ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్ చీర కట్టారు. తమిళం నుంచి ‘భామనే సత్యభామనే’గా వచ్చిన చిత్రంలో కమల్ హాసన్ ముసలి ఆయమ్మ అయ్యారు. వీటిలో ప్రతి ఒక్కదానిలో కథ ముగిసేలోగా ఆ వేషం తీసేస్తారు. ఉత్తర గోగ్రహణంలో బృహన్నల అర్జునుడవుతాడు, మేడమ్ మళ్లీ మీసమున్న మగాడవుతాడు. చీర విప్పేశాక మగతనం చెక్కుచెదరలేదని ప్రేక్షకుడికి హామీ ఇచ్చే ముగింపులివి. లేడీ గెటప్ కళాకారుడికి ఆ ముగింపు దృశ్యం ఎవరూ రాయరు. వచ్చే వారం మళ్లీ అదే చీర.

మనకి ఇంతకంటే మంచి లెక్క ఒకటుండేది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, రోషనార పాత్రలు వేశారు. ఆయన నాటకంలో పక్కన నిలబడ్డ హాస్యపాత్ర కారు. టికెట్టు తెగేదే ఆయన పేరు మీద. తన పాత్రల గురించి, తన పని గురించి ‘నటస్థానం’ పేరుతో పుస్తకమే రాసుకున్నారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆడి 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం గుర్తు తెచ్చుకోండి. ముందు తెర, తెర మీదుగా జడ. ముఖం ఇంకా కనపడకముందే, ఆ జడ విసరడంలోనే నన్ను మించినవాళ్లుంటే రండి అన్న సవాలుంది. అంటే ఆడవేషం కట్టిన మగ కళాకారుడు తనే పోటీ పిలిచేవాడన్నమాట. నడక ఎలా ఉంది, కోపంలో కనుబొమ్మ ఎంత లేచింది, విరహంలో గొంతు ఎక్కడ తగ్గింది, లేఖ రాసేటప్పుడు చెయ్యి ఎలా కదిలింది అని చూసి తీర్పు చెప్పగల ప్రేక్షకులు ఉండేవారు. పగటి వేషగాళ్ల అర్ధనారీశ్వర వేషమూ అంతే. ఒకే ఒంట్లో సగం ఆడ, సగం మగ చూపించేవాణ్ణి చూసి ఊరు నవ్వుకోవడం కన్నా నోరెళ్లబెట్టడమే ఎక్కువ. ఆడవాళ్లు దొరక్క మగవాళ్లు వేశారన్న పాత సమాధానం పూర్తిగా నిలబడదు. సురభి సమాజాలు 1885లోనే మొదలయ్యాయి, వాళ్ల నాటకాల్లో ఆడపాత్రలు ఆ కుటుంబాల స్త్రీలే వేశారు. స్త్రీలు రంగస్థలం మీదకొచ్చాక కూడా స్థానం వారి సత్యభామ కోసం జనం కదిలారంటే, అది కొరత తీర్చే సర్దుబాటు మాత్రమే అయివుండదు. మన తెలంగాణలో చిందు ఎల్లమ్మ మగపాత్రలూ వేసి మెప్పించింది. ఆమెను చూసి ఎవరూ కిసుక్కున నవ్వలేదు.

ఇప్పుడు జబర్దస్త్‌లోని ఇద్దరు కళాకారుల్ని ఈ కళ్లతో చూద్దాం. వినోద్ పద్ధతి నిదానం. పైట సర్దుకోవడం, మొగుడు మాట్లాడుతుంటే వినడం, విన్నాక ఒక్క క్షణం ఆగి మొహం తిప్పడం. మధ్యతరగతి ఇల్లాలిని చూసి చూసి పట్టుకున్న నటన అది. నవ్వు అతని మీద పుట్టదు, అతని ఎదుటి వాడి మీద పుడుతుంది. శాంతిస్వరూప్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. తను లోకంలోకెల్లా అందగత్తెనని నమ్మే మనిషిగా వస్తాడు, అందరూ కాదంటారు, ఆ నమ్మకం ఎంత తిట్టినా చెదరదు. వినడానికి తేలిక, చేయడానికి కాదు; పంచ్ తనకే తగులుతున్నప్పుడు పాత్ర మర్యాద జారిపోకుండా పట్టుకోవాలి. ఒకటి సహజ నటన, ఇంకొకటి అతిశయోక్తి. రెండింటికీ కొలతలు వేరు. జడ్జీల సీట్లలో నాగబాబు, రోజా ఉన్న కాలంలోనూ, ఆ తర్వాతా ఈ కళాకారులకు మెచ్చుకోలు రాలేదని కాదు. వచ్చింది. అది సాధారణంగా అచ్చం ఆడమనిషిలా ఉన్నాడన్న దగ్గర ఆగేది. పోలిక దగ్గర ఆగిన పొగడ్త మేకప్‌కి చెందుతుంది, నటనకు చెందదు. హైపర్ ఆది పంచ్‌కి, రాకెట్ రాఘవ టైమింగ్‌కి మార్కుంది. ఆ పంచ్ పడేందుకు అవతల నిలబడ్డ మనిషి పనికి లేదు.

ఇదే పని మీద పోటీ పెడితే ఎలా ఉంటుందో ప్రపంచం చూసేసింది. అమెరికాలో 2009లో మొదలైన ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’లో పోటీదారులందరూ ఆడవేషం కట్టే కళాకారులే. బట్టలు తామే కుట్టుకోవాలి, ప్రముఖుల్ని అనుకరించాలి, నవ్వించాలి, చివర్న ఇద్దరు ఒక పాటకు పెదాలు కదుపుతూ ఎదురెదురుగా తేల్చుకోవాలి. జడ్జీలు విగ్గు అతుకు దగ్గర్నుంచి కుట్టు దాకా తప్పు పట్టుకుంటారు. తొలి సీజన్‌లో 20 వేల డాలర్లున్న బహుమతి తర్వాత లక్ష డాలర్లు దాటింది. థాయ్‌లాండ్, బ్రిటన్, కెనడాలకు ఆ పోటీ పాకింది. 2020లో కెనడాలో మొదటి కిరీటం గెలిచింది ప్రియాంక అన్న వేదిక పేరుతో ఆడిన, గయానా భారతీయ మూలాలున్న కళాకారుడు. అక్కడ అంతా బంగారమేమీ కాదు. గౌన్ల కోసం అప్పులపాలయ్యే పోటీదారులున్నారు. ట్రాన్స్ మహిళలకు చోటు విషయంలో రూపాల్ 2018లో అన్న మాటలు దుమారం రేపి, ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత 2021 ‘ఆల్ స్టార్స్’లో కైలీ సోనిక్ లవ్ గెలిచాక గానీ అమెరికా పోటీలో ఒక ట్రాన్స్ మహిళ తలకు కిరీటం ఎక్కలేదు. అయినా ఒక మౌలికమైన తేడా ఉంది. మొదటి వారమే ఇంటికి పోయినవాళ్లు కూడా తమ పేరుతో పోతారు. ఆ పేరుతోనే టూర్లు, షోలు, సంపాదన. మన దగ్గర పన్నెండేళ్లు ఆడినా పోస్టర్ మీద పడేది ‘జబర్దస్త్ ఫేమ్’ అన్న ముద్ర.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఆ ముద్రే లేకపోతే వీళ్లకు ఏముండేది? వినాయక చవితి పందిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో, విదేశీ తెలుగు సంఘాల వేదికల మీద ఈవెంట్లు ఆ ముద్రతోనే వస్తాయి. అందులో నిజముంది, తోసిపుచ్చను. జబర్దస్త్ రాకముందు ఊళ్లలో ఆడవేషాలు వేసేవారికి రికార్డింగ్ డాన్సుల పందిరి తప్ప వేరే చోటు పెద్దగా లేదు. ఒక చానల్ వారానికి రెండు రాత్రులు వాళ్లకి వెలుగులిచ్చింది. అయితే పని దొరికిందన్న కృతజ్ఞత, ఆ పనికి దక్కాల్సిన లెక్క అడక్కూడదన్న షరతుగా మారనక్కర్లేదు. హిందీలో చూడండి. 2013లోనే ‘కామెడీ నైట్స్ విత్ కపిల్’లో గుత్తిగా వచ్చిన సునీల్ గ్రోవర్ ఆ పాత్రను సొంత ఆస్తిలా చేసుకుని, తర్వాత మగపాత్రల్లోకి, సినిమాల్లోకి వెళ్లగలిగాడు. అదే షోలో దాదీ వేసిన అలీ అస్గర్‌కు మాత్రం ఆడవేషాలే మళ్లీ మళ్లీ వచ్చాయి. తన పిల్లలు బయట వెక్కిరింపులు పడ్డ సంగతి 2022లో ఒక డాన్స్ పోటీ వేదిక మీద బయటకొచ్చింది. ఒకే షో, ఒకే రకం పని. పాత్ర మీద ఎవరికి ఎంత పట్టు చిక్కిందన్న దగ్గరే ఇద్దరి దారులూ విడిపోయాయి.

రెండో అభ్యంతరం స్త్రీల నుంచి రావాలి, వస్తుంది కూడా. ఆడపాత్ర మగవాడు వేస్తే ఒక ఆడపిల్ల అవకాశం పోయినట్టే కదా? తొలి ఏళ్ల జబర్దస్త్‌లో జడ్జిగా, యాంకర్‌గా తప్ప స్కిట్లలో స్త్రీలు కనిపించడం చాలా తక్కువ. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం టీవీకి రుచించదు. ఆడమనిషిని స్కిట్‌లో తంతే, ఒంటి మీద ద్వంద్వార్థం వేస్తే ఫిర్యాదు వెళ్తుంది. చీర కట్టిన మగవాడి మీద అదే చేస్తే నవ్వు వస్తుంది. అంటే లేడీ గెటప్‌ని ఆ రోజుల్లో ఒక కళ కోసం ఎంత పెట్టారో, ఒక వెసులుబాటు కోసం అంతకన్నా ఎక్కువ పెట్టారు. దెబ్బ తగిలేది మగవాడికి, అవమానం చేరేది ఆడవాళ్లకి. తర్వాత సత్యశ్రీ, రోహిణి, ఫైమా లాంటి నటీమణులు వచ్చి, పంచ్‌కి పంచ్ వేసి తమ చోటు తాము సంపాదించుకున్నారు. మంచిదే. అప్పుడు లేడీ గెటప్‌లు పలచబడ్డాయి. వాళ్ల పనిని కళగా లెక్కకట్టుంటే నటి వచ్చినా వాళ్ల చోటు వాళ్లకుండేది. కొరత తీర్చే సరుకుగా పెట్టుకున్నారు కాబట్టి అసలు సరుకు రాగానే పక్కకు జరిగింది.

ఇక వేదిక దిగాక మొదలయ్యే కష్టం. ఎల్బీ నగర్ కూడలి నుంచి విజయవాడ రోడ్డు పట్టి హయత్‌నగర్ దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ. ఆ దారిలో, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం గల్లీల్లో సినిమా, టీవీ పని చేసుకునేవాళ్లు అద్దెకుండటం కొత్తేమీ కాదు. ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషిని ‘ఫ్యామిలీయేనా’ అని అడిగే చోట, టీవీలో చీర కట్టేవాడు ఇంట్లో ఏమిటన్న ప్రశ్న కూడా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. ఆడవేషం వేసే మగవాడు ట్రాన్స్ మహిళ కానక్కర్లేదు, అయినవాళ్లూ ఉండొచ్చు. వేషం పని, జెండర్ బతుకు. చూసేవాళ్లు రెండింటినీ కలిపేయడం వెనక పాత అలవాటుంది, పాత చట్టమూ ఉంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీ అంటే 1919లో హైదరాబాద్ రాజ్యం తెచ్చిన యునక్స్ చట్టం ప్రకారం, రిజిస్టరులోకెక్కిన హిజ్రా ఆడబట్టలు కట్టి వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. రెండేళ్ల దాకా జైలు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. లెక్క చూడండి: జబర్దస్త్ మొదలై పదేళ్లయ్యాక. నవ్వు కోసం చీర కట్టినవాడికి ఈ నగరంలో ప్రైమ్ టైమ్ ఉంది. అదే నగరంలో బతుకుగా చీర కట్టినవాళ్ల మీద ఎంత అమలైనా కాకపోయినా ఒక కత్తి ఆ పదేళ్లూ చట్టపుస్తకంలో వేలాడుతూనే ఉంది.

ఈ రెండింటి మధ్య దాటినవారిలో అందరికీ తెలిసిన పేరు ప్రియాంక సింగ్. జబర్దస్త్‌లో ఆడవేషాలతో పరిచయమై, తర్వాత ట్రాన్స్ మహిళగా తనను తాను ప్రకటించుకుని, 2021 సెప్టెంబరులో ‘బిగ్ బాస్’ తెలుగు ఐదో సీజన్‌లోకి వెళ్లారు. అంతకు ముందు 2019లో మూడో సీజన్‌కి తమన్నా సింహాద్రి వైల్డ్ కార్డుగా వెళ్లి కొద్ది రోజులకే బయటకొచ్చారు. ఆమె అదే ఏడాది మంగళగిరిలో స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికల్లో నిలబడ్డ మనిషి. ప్రియాంక 13వ వారం దాకా ఉన్నారు. ఆ ఇంట్లో ఉంచేది, పంపేది ప్రేక్షకుల ఓటు. కాబట్టి, మన జనం ఒప్పుకోరు, టీఆర్పీ రాదు అన్న మూడో అభ్యంతరానికి అన్ని వారాల ఓట్లే జవాబు. జనానికి చాలా అభ్యంతరం ఉందని చానళ్లు అనుకుంటున్నాయేమో గాని, అంత లేదు. అయితే అక్కడ ఆమె నుంచి పోటీ ఏమడిగింది? తన కథ. తండ్రి కూతురిగా ఒప్పుకున్న సందేశం, కన్నీళ్లు, గతం. అవి నిజమైనవే, వాటిని చూసి మనసు మార్చుకున్న ఇళ్లూ ఉంటాయి. కాని ఏళ్ల తరబడి వేదిక మీద నేర్చిన పనితో ఆ ఇంట్లో పని పడింది తక్కువ. ఒక పోటీ కళ తీసుకుని పేరివ్వలేదు. ఇంకో పోటీ పేరిచ్చింది, కళతో దానికి పనిలేకపోయింది. రెండూ ఒకేచోట దొరికే మూడో తలుపు తెలుగు టీవీ ఇంతవరకు తెరవలేదు.

టీవీ బయట, నగరానికి పడమటి వైపు, ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. డ్రాగ్ అన్న మాటనే పెట్టుకుని ఆడుతున్న పాత్రుని శాస్త్రి లాంటి కళాకారులు హైదరాబాద్‌లో ఉన్నారు. శాస్త్రీయ నృత్యం తెలిసిన మనిషి, ‘డ్రాగ్‌వంతి’ పేరుతో ఒక వేదిక కూడా నడిపారు. కాని ఆ ప్రదర్శనల ప్రేక్షకులు ఎక్కువగా ఇంగ్లిష్ నగరం వాళ్లు. ఎల్బీ నగర్ ప్రేక్షకుడికి తెలిసింది లేడీ గెటప్. ఇద్దరూ చేసేది దగ్గరి దగ్గరి పనే అయినా ఒకరికి సిద్ధాంతం, ఇంటర్వ్యూలు దొరుకుతాయి, ఇంకొకరికి జనం దొరుకుతారు. నన్నడిగితే రెండోవాళ్ల చేతిలోనే ఎక్కువ బలముంది. కొన్ని కోట్ల మంది తెలుగువాళ్లు ఏ ఉపన్యాసమూ లేకుండా వాళ్లను ఇంట్లోకి రానిచ్చారు. అమెరికా పోటీని తెచ్చి అతికించమని ఎవరూ అడగడం లేదు. భామాకలాపం మన దగ్గర ఉండగా కొలబద్ద అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. నడకకు ఇన్ని, గొంతుకు ఇన్ని, ఎదుటివాడి మాట వినే తీరుకు ఇన్ని అని జడ్జీలు మార్కులు విడదీస్తే తొలి వారమే తెలిసిపోతుంది ఎవరిది మేకప్పో, ఎవరిది నటనో. లేడీ గెటప్ కళాకారుల్లో కొందరు ఈ పరీక్షలో తేలిపోతారు కూడా. తేలిపోవడం కూడా పోటీదారుడి హక్కే. వచ్చే సీజన్‌లో ఒక టీముకి వాళ్లలో ఒకరి పేరు పెట్టి, స్కిట్ రాసుకునే పని వాళ్లకే అప్పగించి చూడడానికి జబర్దస్త్ తీసే మల్లెమాలకైనా, ఇంకే నిర్మాణ సంస్థకైనా అదనంగా అయ్యే ఖర్చు స్టేజీ వెనక పేరు రాసిన ఒక బోర్డు.